కొబ్బరికాయకు పీచు లేని దీవి: పాతకాలపు సముద్ర సాహస నవలల మీద మాట

గోదావరిగట్టు
పోయిన ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాల గుట్టలో ‘ది కోరల్ ఐలండ్’ దొరికింది. అట్ట లేదు కానీ లోపలి కాగితాలు గట్టిగానే ఉన్నాయి. ఆర్. ఎం. బాలంటైన్ 1857లో రాసిన నవల. ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికి రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక అధ్యాయం చదివి, తెలుగులో చెబుతున్నాను.

పసిఫిక్ సముద్రంలో ఓడ పగిలి ముగ్గురు ఇంగ్లీషు అబ్బాయిలు ఒక పగడపు దీవికి కొట్టుకొస్తారు. జాక్‌కు పద్దెనిమిదేళ్ళు, కథ చెప్పే రాల్ఫ్‌కు పదిహేను, పీటర్‌కిన్ అందరికన్నా చిన్నవాడు. జేబులన్నీ వెతికితే దొరికిన వాటిలో ఒక చాకు ఉంటుంది. అదీ సగానికి విరిగి తుప్పు పట్టినది. ఆ చాకుతోనే కొబ్బరికాయకు కన్నం పెట్టి నీళ్ళు తాగేస్తారు. అంతవరకు కళ్ళార్పకుండా వింటున్న మా అమ్మాయి అక్కడ నన్ను ఆపింది. “మరి ఒలుపు ఎవరు చేశారు నాన్నా?”

తను ప్రతి వేసవికీ కోనసీమలో మా నాన్నగారి దగ్గర ఉంటుంది. కాయల దింపు, పీచు ఒలుపు చూస్తూ పెరిగిన పిల్ల. నాకు జవాబు దొరకలేదు. ఇలాంటి నవలలు బాగా చదివినవారు ఇక్కడ ఉన్నారని తెలుసు. వీటిలో ఏవి పిల్లలకు చదివి వినిపించదగ్గవి? వేటిని పక్కన కూర్చుని వివరిస్తూ చదవాలి?

పాతఅట్ట
గోదావరిగట్టు గారూ, మీ అమ్మాయి పట్టుకున్నది ఆ రచయితను జీవితాంతం బాధించిన తప్పునే. బాలంటైన్ ఎడిన్‌బరోలో పుట్టినవాడు. పదహారో ఏట హడ్సన్స్ బే కంపెనీ గుమాస్తాగా కెనడా వెళ్ళి, బొచ్చు తోళ్ళ వ్యాపారంలో కొన్నేళ్ళు పనిచేశాడు. మంచు, పడవ ప్రయాణాలు, అక్కడి ఆదివాసులతో బేరాలు ఆయనకు బాగా తెలుసు. పసిఫిక్ సముద్రాన్ని మాత్రం చూడలేదు. బ్రిటన్‌లో కొట్లకు చేరేసరికి కొబ్బరికాయకు పీచు ఉండదు కాబట్టి చెట్టు మీద కూడా అలాగే కాస్తుందనుకున్నాడు.

తప్పు తెలిశాక ఆయన చేసిన పని నాకు చాలా ఇష్టం. ఇక మీదట ఏది రాసినా ముందు అక్కడికి వెళ్ళి చూడాలని నిర్ణయించుకున్నాడు. దీపస్తంభం మీద నవల రాయడానికి నడిసముద్రంలోని బెల్ రాక్ దీపస్తంభంలో కాపలాదారులతో ఉండి వచ్చాడు. ‘ది లైట్‌హౌస్’ 1865లో వచ్చింది. అగ్నిమాపక దళం మీద రాయడానికి లండన్‌లో ఆ సిబ్బందితో కలిసి తిరిగాడు. కార్నవాల్ తగరం గనుల మీద రాయడానికి గనుల్లోకి దిగాడు. ఒక్క కొబ్బరికాయ ఒక రచయిత పనితీరునే మార్చేసింది. ఈ సంగతి మీ అమ్మాయికి తప్పక చెప్పండి.

ఉత్తరపుగాలి
నేను ఉద్యోగరీత్యా అబర్డీన్‌లో ఉంటాను. బెల్ రాక్ పేరు చూడగానే రాయకుండా ఉండలేకపోయాను. ఆర్‌బ్రోత్ అనే చిన్న రేవుపట్నానికి ఎదురుగా, తీరానికి దాదాపు పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంటుందది. పోటు వచ్చినప్పుడు ఆ రాయి పూర్తిగా మునిగిపోతుంది. పైకి కనిపించేది నీళ్ళలోంచి లేచిన తెల్లటి స్తంభం ఒక్కటే. 1807లో పని మొదలుపెట్టి, రాయి బయటపడే ఆ కాసిన్ని గంటల్లోనే పునాది తవ్వుకుంటూ, 1811 ఫిబ్రవరిలో మొదటిసారి దీపం వెలిగించారు. ఒడ్డున సిగ్నల్ టవర్ భవనంలో ఇప్పుడు మ్యూజియం ఉంది. పోయిన వేసవిలో మా పిల్లలతో వెళ్ళాను. మబ్బు లేని రోజున ఒడ్డు నుంచి సన్నటి గీతలా కనిపిస్తుంది.

ఆ స్తంభాన్ని కట్టించిన ఇంజనీరు పేరు రాబర్ట్ స్టీవెన్సన్. ‘ట్రెజర్ ఐలండ్’ రాసిన రాబర్ట్ లూయిస్ స్టీవెన్సన్ ఆయన మనవడే. బాలంటైన్ రాసిన ‘లైట్‌హౌస్’ ఆ తాతగారి నిర్మాణం గురించే. ఆ మనవడు చిన్నప్పుడు బాలంటైన్ నవలలను ఆరాధించినవాడు. చివరికి ఇద్దరూ ఒకే ఏడాది, 1894లో కన్నుమూశారు. ఒకరు రోమ్‌లో, మరొకరు సమోవా దీవిలో.

దిక్సూచి
నేను ముప్పై ఏళ్ళు సరుకు ఓడల మీద పనిచేసి విశాఖలో స్థిరపడినవాడిని. బాలంటైన్ గారి కొబ్బరికాయను క్షమించగలను. అది లేత బొండం అనుకుంటే చాకుతో కన్నం పెట్టడం ఏదో విధంగా సాధ్యమేనేమో. ఓడ విషయంలో తప్పు రాస్తే మాత్రం నేను పుస్తకం మూసేస్తాను. ఆ లెక్కన ఈ నవలలన్నిటికీ పెద్దదిక్కు కెప్టెన్ ఫ్రెడరిక్ మారియట్.

1806లో, పద్నాలుగో ఏట, బ్రిటిష్ నౌకాదళంలో చేరాడు. లార్డ్ కాక్రేన్ నడిపిన ‘ఇంపీరియస్’ ఓడ మీద పని నేర్చుకున్నాడు. సెయింట్ హెలీనాలో చనిపోయిన నెపోలియన్ బొమ్మ గీశాడు. వ్యాపార ఓడలు ఒకదానితో ఒకటి జెండాలతో మాట్లాడుకోవడానికి 1817లో ఒక సంకేతాల పట్టిక తయారు చేశాడు. దాన్ని ఎన్నో ఏళ్ళు అన్ని దేశాల నావికులూ వాడారు. అలాంటి మనిషి రాసిన సముద్రంలో ఉప్పు ఉంటుంది.

‘పీటర్ సింపుల్’ (1834) లో ఒక తుఫాను ఘట్టం ఉంది. గాలి ఓడను ఒడ్డు వైపు నెడుతోంది. తెరచాపలతో ఎంత తిప్పినా ఓడ మూతి గాలికి అడ్డంగా దాటడం లేదు. ముందు రాళ్ళు, అలల నురగ కనిపిస్తున్నాయి. అప్పుడు కెప్టెన్ చివరి ఉపాయం పన్నుతాడు. ఓడ మూతి గాలికి ఎదురుగా తిరుగుతున్న క్షణంలో లంగరు వదులుతారు. లంగరు అడుగున పట్టుకోగానే ఓడ దాని చుట్టూ గింగిరాలు తిరిగినట్టు అటువైపు మళ్ళుతుంది. చాపలు రెండో పక్క నుంచి గాలి పోసుకుంటాయి. అదే క్షణంలో లంగరు తాడు నరికేయాలి. ముందు నరికినా, వెనక నరికినా అందరూ పోతారు. లంగరు ఎలాగూ సముద్రం పాలే, కాబట్టి ఈ ఉపాయం ఒక్కసారే పనిచేస్తుంది. నేను ఇంజను ఓడల మనిషిని, చాపలతో ఓడ నడపలేదు. అయినా ఆ పేజీలు చదువుతున్నప్పుడు నా అరచేతులు తడిశాయి.

మారియట్ పిల్లల కోసం రాయడానికి కారణం కూడా తప్పుల మీద కోపమే. దీవిలో చిక్కుకున్న ఒక కుటుంబం కథ ‘స్విస్ ఫ్యామిలీ రాబిన్సన్’కు కొనసాగింపు రాయమని ఆయన పిల్లలు అడిగారు. ఆయన దాన్ని తెరిచి చూస్తే ఓడ నడపడం నుంచి చెట్లూ జంతువుల వరకు అన్నీ తప్పులే కనిపించాయి. దాన్ని కొనసాగించడం నా వల్ల కాదని చెప్పి, తనే ‘మాస్టర్‌మన్ రెడీ’ (1841) రాశాడు.

మేడమీదగది
ఇంతవరకు చెప్పినవన్నీ నిజమే. కానీ మనం కొబ్బరికాయ తప్పు గురించి మాట్లాడినంత సేపు మనుషుల గురించి రాసిన తప్పుల మీద మాట్లాడటం లేదు. నాకు అది బాధగా ఉంది.

‘కోరల్ ఐలండ్’ మూడో అధ్యాయం మళ్ళీ చూడండి. దీవికి చేరగానే పీటర్‌కిన్, దీన్ని రాజు పేరు మీద స్వాధీనం చేసుకుందాం, ఇక్కడి నల్లవాళ్ళ కొలువులో చేరదాం, తెల్లవాళ్ళు ఇలాంటి దేశాల్లో ఎలాగూ పైకి వస్తారు కదా అని సంబరపడతాడు. పుస్తకం రెండో సగంలో దీవుల మనుషులు రెండే రకాలు. నరమాంసం తినేవాళ్ళు, క్రైస్తవం పుచ్చుకుని మంచివాళ్ళయినవాళ్ళు. చివర్లో ఊరి పెద్ద మతం మారి విగ్రహాలను తగలబెట్టడం వల్లే కథానాయకులు చెర నుంచి బయటపడతారు. కొబ్బరికాయ కోసం బెల్ రాక్ దాకా వెళ్ళిన మనిషి, పసిఫిక్ మనుషులు ఎలా ఉంటారో కనుక్కోవడానికి ఒక్కసారైనా బయలుదేరాడా?

మారియట్ గారి సంగతీ అంతే. ఆయన తండ్రి జోసెఫ్ మారియట్ వెస్టిండీస్ తోటల వ్యాపారి, బానిసలున్నవాడు, పార్లమెంటులో బానిసత్వ రద్దును వ్యతిరేకించినవాడు. ఆ ఇంటి గాలి ఆ నవలల్లోని నల్లజాతి పాత్రల మీద కనిపిస్తుంది. పిల్లలకు ఇవ్వవద్దని నేను అనడం లేదు. ఇది అంచున అంటిన మరక అని చెప్పి ఇవ్వవద్దు. ఈ నవలలను నేసిన పడుగే ఇది.

దిక్సూచి
మేడమీదగది గారూ, మీ మాట నన్ను ఒక రోజంతా ఆలోచింపజేసింది. మారియట్ బలవంతపు నావిక భర్తీకి వ్యతిరేకంగా 1822లోనే కరపత్రం రాశాడు. కొరడా దెబ్బల కింద నలిగిన మామూలు కళాసీ బాధ ఆయనకు తెలుసు. ఆ జాలి తన రంగు మనుషుల దగ్గరే ఆగిపోయిందంటే ఒప్పుకోవలసిందే. నేను పనిచేసిన ఓడల్లో సరంగులూ కళాసీలూ చాలామంది మన తీరం వాళ్ళు. వాళ్ళకు ఈ నవలల్లో పేర్లు ఉండవు. నాకు ఇది ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో తెలియదు.

బందరువాసి
పేర్లు లేకపోవడం అన్నారు కాబట్టి మా ఊరి కథ చెబుతాను.

జి. ఎ. హెంటీ అని ఒక రచయిత. యుద్ధ విలేఖరిగా పనిచేసి, తరువాత కుర్రాళ్ళ కోసం వందకు పైగా పుస్తకాలు రాశాడు. రాశాడు అనడం కన్నా చెప్పాడు అనాలి. గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెబుతుంటే కార్యదర్శి రాసుకునేవాడు. 1884లో వచ్చిన ‘విత్ క్లైవ్ ఇన్ ఇండియా’లో చార్లీ మారియట్ అనే కుర్రాడు ఓడెక్కి మద్రాసు వస్తాడు. దారిలో ఫ్రెంచి ఓడలతో పోరాటం, తరువాత ఆర్కాటు, ప్లాసీ. చివరి భాగంలో మచిలీపట్నం ముట్టడి వస్తుంది.

ఆ ముట్టడి నిజంగా జరిగింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించిన ఆంగ్లేయ సేనాని కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతిరాజు సాయంతో బందరు దాకా వచ్చాడు. కోటలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఉన్నాడు. వెనక నుంచి ఫ్రెంచివారికి సాయంగా దక్కను పాలకుడు సలాబత్ జంగ్ సైన్యం వస్తోంది. 1759 ఏప్రిల్ 7 రాత్రి, ఎవరూ రాలేరనుకున్న చిత్తడి వైపు నుంచి కూడా ఒక దళాన్ని నడిపించి కోట పట్టుకున్నారు. ఉత్తర సర్కారుల తలరాత ఆ రాత్రితో మారింది. ఫ్రెంచివారు దక్కనులో మళ్ళీ తల ఎత్తలేదు.

నేను బందరుకోటలో పడిపోయిన ఆ గోడల మధ్య ఆడుకుంటూ పెరిగాను. ఇంగ్లీషు నవలలో మా ఊరి పేరు చూసి మొదట పొంగిపోయాను. చదివాక, ఊరు ఉంది కానీ ఊళ్ళో మనిషి లేడు. ఆ చిత్తడి నేలలో బతికిన పల్లెకారులు ఆ రాత్రి ఏమయ్యారు, కలంకారీ అద్దకం వాళ్ళు ఎటు పారిపోయారు, ఒక్క మాట లేదు. హెంటీ తారీఖులు, సైనికుల లెక్కలు శ్రద్ధగా చూసుకున్న మనిషి. అంత శ్రద్ధ ఉండి కూడా చూడలేదు.

తెల్లకాగితం
అందరూ ‘ట్రెజర్ ఐలండ్’ను దాటేస్తున్నారు. నేను అడ్డం వస్తాను. నా దృష్టిలో ఈ వరుస నవలలను లోపలి నుంచి మార్చేసిన పుస్తకం అది.

1881 వేసవిలో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో వానలు. ఇంట్లో కూర్చున్న స్టీవెన్సన్, సవతి కొడుకు లాయిడ్ పదమూడేళ్ళవాడు, ఇద్దరూ రంగులతో బొమ్మలు వేసుకుంటున్నారు. ఒక దీవి పటం గీశారు. పటం చూస్తుంటే మనుషులు అందులోంచి లేచి వచ్చారని స్టీవెన్సన్ తరువాత చెప్పుకున్నాడు. రోజుకు ఒక అధ్యాయం చొప్పున పదిహేను రోజులు రాశాడు. రోజూ రాసినది ఇంట్లో చదివి వినిపిస్తే, దీపస్తంభాల ఇంజనీరు అయిన తండ్రి కూడా పిల్లవాడిలా కలిసిపోయాడు. కథలోని ముసలి నావికుడు బిల్లీ బోన్స్ పెట్టెలో ఏమేమి ఉండాలో జాబితా రాసి ఇచ్చింది ఆయనే. తరువాత కథ ఆగిపోయింది. స్విట్జర్లండ్‌లోని దావోస్‌లో మిగిలినది పూర్తయింది. ‘యంగ్ ఫోక్స్’ పత్రికలో 1881 అక్టోబరు నుంచి 1882 జనవరి దాకా ‘కెప్టెన్ జార్జ్ నార్త్’ అనే మారుపేరుతో వచ్చింది. పుస్తకంగా 1883లో వచ్చింది. ప్రచురణకర్తకు పంపిన అసలు పటం పోయింది. ముందు పటం గీసి దానికి కథ రాసినవాడు, రాసిన కథలోంచి పటం మళ్ళీ గీసుకోవలసి వచ్చింది.

మార్చేశాడని ఎందుకన్నానంటే, ఇందులో ఎవరూ దీవిని రాజు పేరు మీద స్వాధీనం చేసుకోరు. ఒంటికాలి సముద్రపు దొంగ లాంగ్ జాన్ సిల్వర్ హంతకుడు, కానీ కథ చెప్పే కుర్రాడు జిమ్‌కు ఆయన మీద ఉన్న ఇష్టం చివరిదాకా పోదు, మనకూ పోదు. కాలు పోగొట్టుకున్న తన స్నేహితుడు, కవి డబ్ల్యూ. ఇ. హెన్లీ బలాన్ని ఆ పాత్రలో పెట్టాడు స్టీవెన్సన్. నిధి దొరికాక కూడా జిమ్‌కు ఆనందం లేదు. ఎద్దులను కట్టి లాగినా ఆ దీవికి మళ్ళీ వెళ్ళనంటాడు. ఒడ్డున విరిగే అలల హోరు, చిలక అరుపు పీడకలల్లో వినిపిస్తుంటాయి. బాలంటైన్ కుర్రాళ్ళు దీవులు వదిలి వెళ్ళేటప్పుడు బెంగపడతారు. ఆ రెండు ముగింపులకూ మధ్య పాతికేళ్ళే తేడా.

తెలుగులో దీనికి నండూరి రామమోహనరావు గారి అనువాదం ‘కాంచన ద్వీపం’ ఉంది. పిల్లలకు చదివి వినిపించడానికి అంతకన్నా హాయైన తెలుగు నేను చూడలేదు.

గోదావరిగట్టు
అందరికీ ధన్యవాదాలు. ‘కాంచన ద్వీపం’ సంపాదించాను. మూడు అధ్యాయాలయ్యాక మా అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. జిమ్ వాళ్ళ అమ్మ తప్ప ఈ కథలో ఆడవాళ్ళు ఎందుకు లేరు అని.

తెల్లకాగితం
దానికి జవాబు ఉంది. కథలో ఆడవాళ్ళు ఉండకూడదన్నది లాయిడ్ షరతు. పదమూడేళ్ళ పిల్లవాడి ఆజ్ఞను స్టీవెన్సన్ పాటించాడు. మీ అమ్మాయి కథ చెప్పించుకుంటే షరతులు వేరుగా ఉండేవి.

పాతఅట్ట
లాయిడ్ ఒక్కడిదే కాదు, ఆనాటి అచ్చు వ్యాపారానిది కూడా ఆ షరతు. 1870 విద్యాచట్టం తరువాత ఇంగ్లండులో చదవడం వచ్చిన పిల్లలు బాగా పెరిగారు. పెన్నీకి దొరికే దొంగల కథలు, హత్యల కథలు వాళ్ళ చేతుల్లోకి వచ్చాయి. వాటికి విరుగుడుగా క్రైస్తవ ప్రచురణ సంస్థ రిలిజియస్ ట్రాక్ట్ సొసైటీ 1879 జనవరిలో ‘బాయ్స్ ఓన్ పేపర్’ అనే వారపత్రిక మొదలుపెట్టింది. అదీ పెన్నీకే. సాహసం ఉండాలి, నీతీ ఉండాలి, చదివేవాడు అబ్బాయే అనుకోవాలి.

ఇప్పుడు మేడమీదగది గారికి ఒక సంగతి. జూల్స్ వెర్న్ ఫ్రెంచివాడైనా విక్టోరియా కాలపు ఇంగ్లీషు కుర్రాళ్ళు ఆయనను తమవాడిగానే చదివారు. జలాంతర్గామిలో తిరిగే కెప్టెన్ నీమో ఎవరో ‘మిస్టీరియస్ ఐలండ్’ (1874-75) లో బయటపడుతుంది. ఆయన బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కార్, టిప్పు సుల్తాను బంధువు, 1857లో ఆంగ్లేయుల మీద పోరాడి సర్వం పోగొట్టుకున్నవాడు. ఆ పుస్తకం తొలి ఇంగ్లీషు అనువాదం సముద్ర కథల రచయిత డబ్ల్యూ. హెచ్. జి. కింగ్‌స్టన్ పేరుతో వచ్చింది. నిజానికి చేసినది ఆయన భార్య ఆగ్నెస్. అందులో నీమో గతం చెప్పే చోట వెర్న్ వాక్యాలను తిరగరాశారు. దొరతనం బరువుకు తాళలేక జనం లేచారన్న చోట, స్వార్థపరులైన రాజులు జనాన్ని రెచ్చగొట్టారని మారింది. మనలో చాలామంది బళ్ళో చదివినది ఆ అనువాదమో, దాని సంక్షిప్తమో.

మేడమీదగది
ఇది చదివి లేచి అల్మరా దగ్గరికి వెళ్ళాను. నా దగ్గర ఉన్నది ఆ పాత అనువాదమే. ముప్పై ఏళ్ళుగా నీమోను ఇష్టపడుతూ, ఆయన నోరు నొక్కిన ప్రతినే దాచుకున్నాను.

అసలు నీమో మాట ‘ట్వెంటీ థౌజండ్ లీగ్స్’లోనే ఉంది. సింహళం దగ్గర ముత్యాల కోసం మునిగిన ఒక పేద భారతీయుడిని సొరచేప నుంచి కాపాడి, ముత్యాల సంచి చేతిలో పెడతాడు. ఎందుకంటే, ఆ మనిషి అణగారిన దేశంవాడు, నేనూ తుది శ్వాస దాకా ఆ దేశంవాడినే అంటాడు. ఈ నవలలన్నిటిలో నేను వెతుకుతున్న మనిషి ఒక ఫ్రెంచి రచయిత దగ్గర దొరికాడు.

దిక్సూచి గారూ, మారియట్‌ను మీరు ప్రేమించినట్టే ప్రేమించిన ఇంకొకరున్నారు. జోసెఫ్ కాన్రాడ్. చిన్నప్పుడు మారియట్‌ను చదివి సముద్రం మీదికి వెళ్ళినవాడు. ఆయన ‘లార్డ్ జిమ్’ (1900) లో కుర్రవాడు సెలవుల్లో చదివిన ఇలాంటి నవలల వల్లే నావికుడవుతాడు. మునిగే ఓడ నుంచి అందరినీ కాపాడే వీరుడిగా తనను ఊహించుకుంటాడు. నిజంగా ఆ క్షణం వచ్చినప్పుడు వందల మంది యాత్రికులను ఓడలోనే వదిలి పడవలోకి దూకేస్తాడు. దీవిలో చిక్కిన కుర్రాళ్ళు క్రూరులైపోయే గోల్డింగ్ నవల ‘లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్’ (1954) లో రాల్ఫ్, జాక్ అని అవే పేర్లు పెట్టి బాలంటైన్‌కు జవాబు చెప్పాడని అందరూ అంటారు. కాన్రాడ్ అంతకు అర్ధశతాబ్దం ముందే చెప్పాడు. అదీ ప్రేమ వదులుకోకుండా.

దిక్సూచి
‘లార్డ్ జిమ్’ నేను ఓడ మీద ఉన్నప్పుడు చదివాను. దూకే అధ్యాయం తరువాత రెండు రోజులు పుస్తకం ముట్టుకోలేదు. మీరు చెప్పాక మళ్ళీ తీశాను.

గోదావరిగట్టు
సంక్రాంతికి ఊరు వెళ్ళి వచ్చాము. మా అమ్మాయి పుస్తకం వెంట తీసుకొచ్చింది. ఇంట్లో ఉన్న పాత చాకు, మొన విరిగినది, తాతగారిని అడిగి తీసుకుంది. తోటలో కూర్చుని ముదురు కాయ మీద ప్రయత్నించింది. పీచు నాలుగు పోగులు వచ్చింది, అంతే. పక్కనే ఒలుపు చేసే ఆయన నేలలో పాతిన గునపం మీద కాయను మూడు పోట్లు పొడిచి, ఆమె చూస్తుండగానే డొక్క ఊడదీశాడు. పేరు అడిగి రాసుకుంది.

తరువాత దిక్సూచి గారి మాట గుర్తు చేశాను. లేత బొండం తెచ్చుకుంది. మా నాన్నగారు గడియారం పట్టుకుని కూర్చున్నారు. చేతికి రెండుసార్లు బొబ్బ లేచింది, ఇంక చాలన్నా వినలేదు. కన్నం పడింది. ఆ పేజీ అంచున పెన్సిలుతో ఇలా రాసింది: “బొండమైతే కుదురుతుంది. ముప్పై ఎనిమిది నిమిషాలు. ముదురు కాయ కుదరదు.” కింద ఒలుపు చేసిన ఆయన పేరు కూడా రాసి పెట్టింది.

దిక్సూచి
ఆ ముప్పై ఎనిమిది నిమిషాల తరువాత నీళ్ళు ఎలా ఉన్నాయట?

గోదావరిగట్టు
తాగనివ్వలేదండి. తాతగారికి సగం, ఒలుపు ఆయనకు సగం ఇచ్చింది.